వాడను బాగుచేసుకుందాం: రంగు డబ్బా తెరిచే ముందు చేయాల్సిన పనులు

మీ వాడలో పదిమంది కలిశారు. ఆదివారాలు వాడ పనికి కేటాయిద్దామనుకున్నారు. కొంత చందా కూడా పోగైంది. ఇక ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "ముందు గోడలకు రంగులు వేద్దాం, వాడ కళకళలాడుతుంది." దయచేసి ఆ మాటకు వెంటనే సరేననకండి.

వరంగల్, హనుమకొండ, కాజీపేట వాడల్లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇళ్లను ఎక్కువగా పాడుచేసేది నీరు. కప్పు నుంచి కారే నీరు, గోడ మొదట్లో నిలిచే నీరు, మోరి నిండి వెనక్కి తన్నే నీరు. లోపల తడి ఉన్న గోడకు మే నెలలో రంగు వేస్తే దసరా నాటికి పొక్కులు లేచి రాలిపోతుంది. ఆ ఇంట్లో వాళ్లు మాత్రం అప్పుడూ గిన్నెలు పెట్టి వాన నీళ్లు పడుతూనే ఉంటారు. అందుకే పనుల వరుసను మొదటి రోజే కాగితం మీద రాసి పెట్టుకోండి: ముందు నీరు, తర్వాత కరెంటు, ఆ తర్వాత ముసలివాళ్లు పడిపోకుండా నడవగలగడం, అన్నిటికీ చివర రంగు. డబ్బు మధ్యలో అయిపోతే రంగు మిగిలిపోయినా నష్టం లేదు.

వానలో చూడండి, ఎండలో పని చేయండి

ఇంటి లోపం ఎండాకాలంలో కనబడదు. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టినప్పుడు గొడుగు, నోటు పుస్తకం, పెన్సిలు పట్టుకుని ఇద్దరిద్దరుగా వాడంతా తిరగండి. ఏ కప్పు ఎక్కడ కారుతోంది, చూరు నీళ్లు ఎక్కడ పడుతున్నాయి, మోరి ఏ మలుపు దగ్గర పొంగుతోంది, ఏ వాకిట్లో నీళ్లు మర్నాటికి కూడా ఇంకలేదు అన్నవి రాసుకోండి. ఇంట్లో అడగవలసిన మొదటి ప్రశ్న ఒకటే: "అవ్వా, వాన పడితే మంచం ఎటు జరుపుతావు?" ఆమె చూపించే మూలే మీ పనికి పటం. ఏమేమి కావాలని నేరుగా అడిగితే చాలామంది మొహమాటపడి ఏమీ వద్దంటారు. మంచం గురించి అడిగితే అన్నీ చెబుతారు.

లోతట్టు వాడలైతే వరద ఎంత ఎత్తు వచ్చిందో కూడా గోడ మీద గుర్తు పెట్టండి. 2023 జూలైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి నీట మునిగింది. అదే వానలకు వరంగల్, హనుమకొండల్లో ఎన్నో కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. అలాంటి చోట ఇంటి మరమ్మతు అంటే స్విచ్ బోర్డులను ఆ గీతకు పైకి జరపడం, పట్టా కాగితాలూ పిల్లల సర్టిఫికెట్లూ పెట్టుకోవడానికి గట్టి అటక కట్టడం. ఈ రెండూ తక్కువ ఖర్చులో అయ్యే పనులే.

చూసింది వానాకాలంలోనైనా చేసేది ఎండాకాలంలోనే. మృగశిర కార్తె నాటికి, అంటే జూన్ మొదటి వారానికల్లా కప్పుల పని పూర్తి కావాలి. రుతుపవనాలు ఎప్పుడు వస్తాయోనని చూస్తూ కూర్చుంటే సగం విప్పిన కప్పు మీదే వాన పడుతుంది. ఊళ్లలోనైతే ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వరికోతలు, కల్లాలు, కొనుగోలు కేంద్రాల దగ్గర కాపలా ఉంటాయి. మనుషులు దొరకరు. అక్కడ ఫిబ్రవరి, మార్చి నెలలు మంచివి. మేడారం జాతర వచ్చే ఏడాది ఆ రోజుల్లో మాత్రం పని పెట్టుకోకండి. సగం ఊరు బండ్లు కట్టుకుని తాడ్వాయి దారి పట్టి ఉంటుంది. మే నెల ఎండలో పని తప్పకపోతే ఉదయం ఆరుకు మొదలుపెట్టి పదికి ఆపేయండి. మధ్యాహ్నం రేకుల మీదికి ఎవరినీ ఎక్కించకండి.

ఎవరి ఇల్లు, ఎవరి అనుమతి

ఏ ఇంటికి సాయం కావాలో ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచరుకు, మహిళా సంఘం లీడరుకు తెలుసు. వాళ్లను ముందు కలవండి. పేర్ల జాబితా రాజకీయ నాయకుల నుంచి తీసుకుంటే వాడ మొదటి రోజే రెండుగా చీలిపోతుంది.

ఇల్లు నిర్ణయించాక హక్కు సంగతి తేల్చుకోవాలి. ఊళ్లలో ఒంటరి ముసలమ్మ ఉంటున్న పాత ఇల్లు చాలాసార్లు అన్నదమ్ముల పంపకం కాని ఆస్తి. ఒక కొడుకు హైదరాబాద్‌లో, ఇంకొకరు దుబాయ్‌లో ఉంటారు. మీరు గోడ ముట్టుకున్న మర్నాడే ఫోను వస్తుంది. అందుకే ముందుగానే అందరితో మాట్లాడి, "మరమ్మతు మాత్రమే చేస్తున్నాం, దీనివల్ల ఎవరి వాటాలూ మారవు" అని కాగితం రాయించి, పెద్దమనుషులతో సాక్షి సంతకాలు పెట్టించండి. అద్దె ఇల్లయితే కనీసం ఏడాదిపాటు అద్దె పెంచననీ ఖాళీ చేయించననీ యజమాని రాసివ్వాలి. అలా రాసివ్వకపోతే మీ చెమటతో ఆయన అద్దె పెరుగుతుంది, కిరాయికి ఉన్నవాళ్లు వీధిన పడతారు.

పంచాయతీ కార్యదర్శి దగ్గరో వార్డు అధికారి దగ్గరో ఇంకో సంగతి కనుక్కోండి: ఆ కుటుంబానికి ఇందిరమ్మ ఇల్లు మంజూరైందా? అయితే పాత ఇంటి మీద పెద్ద ఖర్చు పెట్టకండి. కొత్త ఇల్లు పూర్తయ్యేదాకా తడవకుండా టార్పాలిన్ కప్పి, కరెంటు సరిచేస్తే చాలు.

ఖిలా వరంగల్‌లోనో మరో రక్షిత కట్టడం పక్కనో ఇల్లు ఉంటే ఒక ఇటుక కదపడానికి ముందే అనుమతి కావాలి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, దాన్ని దాటి మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషేధిత ప్రాంతంలో కొత్త నిర్మాణం కుదరదు. పాత ఇంటి మరమ్మతుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోటలోని కుటుంబాలకు ఆ దరఖాస్తు రాసిపెట్టడమే మీరు చేయగల పెద్ద సాయం కావచ్చు.

ఫొటోల విషయం కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఇంట్లో వాళ్లు మనసారా ఒప్పుకుంటే తప్ప వాళ్ల వంటగదిని, చిరిగిన పరుపును ఫోనులో తీసి నలుగురికీ పంపకండి. ఇల్లు బాగుపడినందుకు మనిషి తలదించుకోవలసి రాకూడదు.

కప్పు

ఎక్కువ సమయం, ఎక్కువ డబ్బు ఇక్కడే పెట్టండి.

గూనపెంకుల ఇల్లయితే ముందు వాసాలు, దూలం చూడండి. స్క్రూడ్రైవరుతో గుచ్చితే పిండిలా లోపలికి దిగిందంటే చెద తినేసింది. ఆ కప్పు ఎక్కకూడదు. కర్ర మార్చడం వడ్రంగి పని. వాసాలు గట్టిగా ఉంటే పగిలిన గూనలు తీసేసి, చూరు నుంచి మొదలుపెట్టి కొప్పు వైపు పేర్చుకుంటూ వెళ్లాలి. పై గూన కింది గూన మీదికి బాగా ఎక్కాలి. కొత్త గూనలు దొరకడం కష్టం కాబట్టి ఊళ్లో ఎవరు పాత ఇల్లు కూలుస్తున్నా గూనలు, షాబాద్ బండలు, టేకు వాసాలు అడిగి తెచ్చి ఒకచోట దాచిపెట్టండి. మన ఊళ్లలో గూనలకు పెద్ద శత్రువు కోతి. గుంపు ఒక్కసారి దూకితే ఏడాది పని పోతుంది. వాసాల మీద మందపాటి టార్పాలిన్ పరిచి దాని మీద గూనలు కప్పితే, పైన రెండు పగిలినా ఇంట్లోకి చుక్క రాదు. ఆ టార్పాలిన్ అంచు గోడ దాటి బయటికి వేలాడాలి. లేకపోతే నీళ్లన్నీ గోడ నెత్తిన దిగి మట్టి గోడను తినేస్తాయి.

సిమెంటు రేకుల ఇళ్ల దగ్గర రెండు ప్రమాదాలు. మొదటిది, రేకు మీద నేరుగా అడుగు వేస్తే విరిగి మనిషి లోపలికి పడిపోతాడు. కింద పైపులు లేదా దూలాలు ఉన్న వరుస మీద బోల్టులు కనిపిస్తాయి. ఆ వరుసకు అడ్డంగా చెక్కలు పరిచి, చెక్క మీదే నడవాలి. రెండోది, పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. దాన్ని పొడిగా కోసినా, గ్రైండరు పెట్టినా, పగలగొట్టినా కంటికి కనబడని నార గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అది క్యాన్సరు తెచ్చే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో తేల్చింది. రేకు తీయవలసి వస్తే ముందు నీళ్లతో బాగా తడిపి, మాస్కు పెట్టుకుని, బోల్టు విప్పి పూర్తి రేకుగానే దింపండి. ముక్కలను వాకిట్లో పరచకండి, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి.

కొత్తగా ఇనుప రేకులు వేసేటప్పుడు ఈ వరుస పాటించండి:

1. పై రేకు కింది రేకు మీదికి కనీసం 6 అంగుళాలు ఎక్కాలి. వాలు తక్కువగా ఉంటే ఇంకొంచెం ఎక్కువ ఇవ్వండి.
2. పక్క రేకుల అతుకు నోరు గాలివాన వచ్చే దిక్కుకు తెరుచుకోకూడదు. మనకు వానాకాలపు గాలి ఎక్కువగా పడమర నుంచి వీస్తుంది. కాబట్టి తూర్పు వైపు నుంచి పేర్చుకుంటూ పడమరకు వెళ్లండి.
3. రంధ్రం రేకు గట్టు మీద పెట్టాలి, పల్లంలో పెట్టకూడదు. పల్లంలోనే నీళ్లు పారతాయి.
4. బోల్టు కింద రబ్బరు లేదా తారు వాషరు తప్పనిసరి. మరీ బిగిస్తే అది చితికిపోయి నీళ్లు కారతాయి.
5. చూరు చివర రేకులను తీగతో గోడకో స్తంభానికో కట్టండి. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలిదుమారానికి ఎగిరిపోయేవి ముందు ఆ రేకులే.

స్లాబు ఇళ్లలో ఎక్కువ కారుడు రెండు చోట్లే: నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోయిన మూల, పిట్టగోడ స్లాబును కలిసే అంచు. గొట్టంలోని ఆకులు, చెత్త తీస్తేనే సగం ఇళ్లు బాగుపడతాయి. అంచు వెంట పగులును గీకి, కడిగి, సిమెంటు మాలుతో ఏటవాలుగా గట్టు కట్టండి. ఒక్క హెచ్చరిక: స్లాబు కింద పెచ్చులు ఊడి, తుప్పు పట్టిన ఇనుప కడ్డీలు కనిపిస్తుంటే దాని మీద ప్లాస్టరింగ్ చేయకండి. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బుతుంది, కొత్త పెచ్చు మళ్లీ ఊడుతుంది. అది కింద పడుకున్న మనిషి మీద పడవచ్చు. ఆ గదిని ఖాళీ చేయించి ఇంజినీరును పిలవండి. వరంగల్ ఎన్ఐటీలోనూ ఇతర ఇంజినీరింగ్ కళాశాలల్లోనూ సివిల్ అధ్యాపకులు, ఎన్ఎస్ఎస్ విద్యార్థులు ఉన్నారు. ముందుగా ఉత్తరం రాసి అడిగితే ఒక పూట వచ్చి చూసేవాళ్లు దొరుకుతారు.

స్లాబు బాగుంటే దాని మీద తెల్ల సున్నం వేయించండి. తెల్లటి కప్పు ఎండను తిప్పికొడుతుంది, రాత్రిపూట గది ఉడికిపోవడం తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది. సున్నాన్ని ముందురోజే నానబెట్టాలి. డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, అందులో సున్నపురాయి కొంచెం కొంచెంగా వేయండి. రాళ్ల మీద నీళ్లు గుమ్మరిస్తే ఉడికి మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు పెట్టుకోండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. కంట్లో పడితే వెంటనే మంచినీళ్లతో కనీసం పావుగంట కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చల్లారాక పల్చటి గుడ్డలో వడగట్టి, కొంచెం జిగురు కలిపి రెండు పూతలు వేయండి. వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ప్రతి ఎండాకాలం మొదట్లో మళ్లీ వేయాలి.

గోడ

మట్టి గోడకు సిమెంటు ప్లాస్టరింగ్ చేయవద్దు. ఈ మాటకు సుతారి మేస్త్రీ ఒప్పుకోకపోవచ్చు, ఇంట్లో వాళ్లకు కూడా సిమెంటే గట్టిదనిపిస్తుంది. కానీ మట్టి గోడ నేల నుంచి తేమ పీల్చి గాలికి వదులుతుంది. పైన సిమెంటు పొర వేస్తే తేమ బయటికి రాలేక లోపలే నిలిచి మట్టి మెత్తబడుతుంది. రెండు మూడు వానాకాలాలకు సిమెంటు పలక పలకగా విడిపోతుంది, వెనక గోడ బోలుగా మిగులుతుంది. మట్టి గోడకు మట్టే వేయాలి. అదే రకం మన్ను జల్లించి, వరిగడ్డి సన్నగా తరిగి కలిపి, నీళ్లు పోసి కొన్నాళ్లు మగ్గనిచ్చి, కాళ్లతో తొక్కి, గోడను తడిపి పూయండి. ఆరాక పైన సున్నం. ఈ పని ఎలా చేయాలో వాడలోని పెద్దవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు బాగా తెలుసు. వాళ్లను మేస్త్రీ స్థానంలో నిలబెట్టి, మీరు వాళ్ల చేతికింద పని చేయండి.

గోడ మొదలు తినేసినట్టు కనిపిస్తే కారణం చూరు నీళ్లు. గోడ చుట్టూ మూడడుగుల వెడల్పున మొరం వేసి కొట్టి, గోడ దగ్గర నుంచి బయటికి రెండంగుళాల వాలు ఇవ్వండి. వీలైతే పాత షాబాద్ బండలు పరవండి. ఇంతకంటే చవకైన, ఇంతకంటే ఎక్కువ కాలం నిలిచే మరమ్మతు ఇంటికి ఇంకోటి లేదు.

ఇక పగుళ్లు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది, దానితోపాటు గోడ కూడా కదులుతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయిన పగులు కనిపించగానే సిమెంటు కూరకండి. పగులు రెండు చివర్లా పెన్సిలుతో గీత గీసి తేదీ రాయండి. వానల తర్వాత ఒకసారి, నడి ఎండాకాలంలో ఒకసారి చూడండి. గీత దాటి పెరగకపోతే పూడ్చవచ్చు. పెరుగుతున్నా, 5 మిల్లీమీటర్ల కంటే వెడల్పుగా ఉన్నా, గోడ ఒరిగినా స్వచ్ఛంద సేవకులు ముట్టుకోవలసిన పని కాదు.

ఇటుక గోడకు సిమెంటు మాలు వాడేటప్పుడు లోపలి ప్లాస్టరింగ్‌కు ఒక పాలు సిమెంటు, ఆరు పాళ్లు ఇసుక. బయటికి ఒకటికి నాలుగు. నీళ్లు కలిపిన మాలు అరగంటలో వాడేయాలి, గట్టిపడినదానికి మళ్లీ నీళ్లు పోసి వాడకూడదు. ఆదివారం బృందాలకు అసలు కష్టం తర్వాతి వారం వస్తుంది. ఆదివారం చేసిన ప్లాస్టరింగ్‌కు సోమవారం నుంచి కనీసం ఏడు రోజులు రోజుకు రెండు మూడుసార్లు నీళ్లు కొట్టాలి. ఎవరు కొడతారో పేరు రాసుకున్నాకే పని మొదలుపెట్టండి. చందాగా సిమెంటు బస్తాలు ఇస్తామంటే పని ఖరారయ్యేదాకా తీసుకోకండి. మూడు నెలలు దాటి నిల్వ ఉన్న బస్తాలో బలం తగ్గిపోతుంది.

కొత్తవాడ వంటి నేత వాడల్లో ఇల్లే పని చోటు. గుంత మగ్గం ఉన్న ఇంట్లో వానాకాలం మగ్గం గుంతలోకి ఊట వస్తే పని ఆగి ఆ పూట కూలి పోతుంది. అక్కడ ముందు వీధి వైపు నీళ్లు ఇంట్లోకి రాకుండా గడప ఎత్తు పెంచండి. బయట గోడ పక్క నేల వాలు సరిచేయండి. ఏం చేస్తే మగ్గం కదలదో, ఏ నెలలో పని ఆపుకోగలరో నేతగాణ్ణే అడగండి. బీడీలు చుట్టే అక్కల ఇళ్లలో వెలుతురు అవసరం ఎక్కువ. రేకుల్లో ఒకదాని బదులు పారదర్శకమైన రేకు పెడితే పగలంతా బల్బు అక్కరలేదు.

మోరి, ఇంకుడు గుంత

మోరి తీయడం మునిసిపాలిటీ పని, పంచాయతీ పని. మీరు పూడిక తీసి గట్టున పోస్తే తర్వాతి వానకు మళ్లీ లోపలికే వస్తుంది. అందుకే ట్రాక్టరు వచ్చే రోజు తెలుసుకుని అదే రోజు పని పెట్టుకోండి. మోరిలోకి ఇంటి చెత్త పడకుండా చూడడం మాత్రం వాడ బాధ్యతే.

మోరి లేని చోట వంటింటి నీళ్లకూ స్నానపు నీళ్లకూ ఇంకుడు గుంత తవ్వవచ్చు. సాధారణంగా ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు లోతు. అడుగున పెద్ద రాళ్లు, మధ్యలో చిన్నవి, పైన కంకర. నీళ్లు ముందు ఒక చిన్న తొట్టిలో పడి, మెతుకులు, జిడ్డు అక్కడ ఆగాక గుంతలోకి వెళ్లాలి. ఆ తొట్టిని వారానికోసారి శుభ్రం చేయకపోతే గుంత త్వరలోనే మూసుకుపోతుంది. బావి, బోరు నుంచి 15 మీటర్ల దూరం ఉంచండి. ఇంటి గోడకు ఆనించి తవ్వకండి. తవ్వే ముందు పరీక్ష చేయండి: అడుగు లోతు చిన్న గుంత తీసి నీళ్లు పోసి రాత్రంతా వదిలి, మర్నాడు మళ్లీ నింపి చూడండి. గంటలు గడిచినా నీళ్లు దిగకపోతే అది రేగడి నేల, అక్కడ ఇంకుడు గుంత పని చేయదు. ఆ నీళ్లను కాలువ తీసి అరటి చెట్లకో కూరగాయల మడికో మళ్లించండి. ఎక్కడా నీళ్లు వారం పాటు నిలవకుండా చూసుకోవాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా పట్టేది సుమారు వారం, పది రోజులే. కూలర్లు, డ్రమ్ములు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు వారానికోసారి బోర్లించడం పిల్లలకు అప్పగించండి, శ్రద్ధగా చేస్తారు.

సెప్టిక్ ట్యాంకులోకి, పాడుబడ్డ బావిలోకి ఎవరూ దిగకూడదు. నిమిషంలో విషవాయువు ప్రాణం తీస్తుంది, కాపాడదామని దిగిన రెండో మనిషీ పోతాడు. మనుషులను అలా సెప్టిక్ ట్యాంకుల్లోకి దింపి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా. కొత్త మరుగుదొడ్డి కట్టిస్తుంటే జంట గుంతలది కట్టించండి. ఒకటి నిండాక మూసి రెండోది వాడుకుంటే, మూసిన గుంతలోది ఏడాదికి వాసన లేని ఎరువవుతుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ సమీపంలోని గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి స్వయంగా అలాంటి గుంతలోని ఎరువు తీసి చూపించారు.

కరెంటు

ఇక్కడ స్వచ్ఛంద సేవకులు చేయవలసింది చూడడం, రాయడం, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను తీసుకురావడం. రేకులకు తగులుతున్న సర్వీసు వైరు, ఇనుప తీగతో కట్టిన దండెం, స్నానాలగదిలో తడి గోడ మీద స్విచ్, ఎర్తింగ్ లేని మోటారు. ఈ నాలుగూ వాడలో ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్క తీయండి. దండెం తీసేసి నైలాను తాడు కట్టడం మీరు ఆ రోజే చేయగలరు. వైరు ఇనుప దండేనికో రేకుకో తగిలి బట్టలు ఆరేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్న ఇళ్లు మన జిల్లాల్లో ఉన్నాయి. ఈ ఒక్క పనికి ఇంకో ఆదివారం దాకా ఆగకండి. స్తంభం వైపు లోపం ఉంటే కరెంటు సంస్థ ఫోను నంబరు 1912కు ఫిర్యాదు చేసి, వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు రాసుకోండి. డబ్బుంటే ప్రతి ఇంటికీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. లీకేజీ రాగానే అది కరెంటు ఆపేస్తుంది.

నడక, ఆ తర్వాత రంగు

ముసలివాళ్లున్న ఇంట్లో రాత్రి మంచం నుంచి మరుగుదొడ్డి దాకా వాళ్లతోపాటు నడిచి చూడండి. ఎక్కడ గోడ పట్టుకుంటున్నారో అక్కడ పైపుతో పట్టుకొమ్మ బిగించండి. ఎత్తయిన గడప ముందు మధ్య మెట్టు కట్టండి. నున్నటి బండను గరుకు చేయించండి. దారిలో ఒక బల్బు పెట్టండి.

ఇవన్నీ అయ్యాక, గోడ పూర్తిగా ఆరాక, రంగు వేయండి. ఏ రంగు వేయాలో ఇంట్లో వాళ్లే చెబుతారు. వాడంతా ఒకే రంగు వేయాలన్న ఆలోచన ఫొటోకు బాగుంటుంది. ఆ గోడల మధ్య బతికేవాళ్లకు మాత్రం తమ ఇల్లు తమదిగా ఉండాలి.

ఉమ్మడి స్థలాలు

బడి దగ్గర మొదట ప్రధానోపాధ్యాయుణ్ణి, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీని కలవండి. ఏ పనికి ప్రభుత్వ డబ్బు వచ్చిందో తెలుసుకుంటే రెండుసార్లు చేయకుండా ఉంటారు. ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ, లోపల నీళ్లు, చెత్తబుట్ట అన్నిటికంటే ముందు. అంగన్‌వాడీలో చేతులు కడుక్కునే కుళాయి నాలుగేళ్ల పిల్లకు అందే ఎత్తులో ఉండాలి.

చెరువు కట్ట మీద చెట్లు నాటకండి. కాకతీయుల కాలం నుంచి నిలిచిన కట్టలు మనవి. పెద్ద చెట్ల వేళ్లు మట్టికట్టలోకి దిగి, ఎండిపోయాక ఆ సొరంగాల్లోంచి నీళ్లు కారతాయి. కట్టను తవ్వి బెంచీలు పెట్టడం కూడా నీటిపారుదల శాఖ అనుమతి లేకుండా చేయకూడదు. బతుకమ్మ ఆడే మెట్ల మీద పాచి గీకడం, విరిగిన మెట్టు సరిచేయడం, దీపాలు వెలిగేలా చూడడం ఎంగిలిపూల బతుకమ్మకు పది రోజుల ముందే అయిపోవాలి. ఆ రాత్రి పసిపిల్లలను చంకనేసుకుని, తల మీద బతుకమ్మతో వందల మంది ఆ మెట్లు దిగుతారు.

శివనగర్ మెట్లబావి వంటి పాత బావుల దగ్గర చెత్త తీయడం, కంపచెట్లు కొట్టడం వరకే మీ పని. రాయి కదిలించడం, సిమెంటు పూయడం, రాతికి రంగు వేయడం పూర్తిగా మానుకోండి.

మొక్కలు జూలైలో నాటండి. వేప, కానుగ మన నేలలో బతుకుతాయి. కరెంటు తీగల కింద పెద్దయ్యే చెట్లు వద్దు. నాటిన ప్రతి మొక్కకూ రెండు ఎండాకాలాలు నీళ్లు పోసే ఇల్లు ఏదో రాసుకోండి. ఇల్లు దొరకని మొక్కను నాటకపోయినా ఫరవాలేదు.

డబ్బు, మనుషులు, ఆ తర్వాతి ఏళ్లు

చందా డబ్బును బ్యాంకు ఖాతాలో ఇద్దరి సంతకంతో ఉంచండి. ఆ ఇద్దరిలో ఒకరు మహిళా సంఘం నుంచి ఉంటే మంచిది. లెక్క రాయడం వాళ్లకు అలవాటు, వాడకు వాళ్ల మీద నమ్మకం. ప్రతి బిల్లునూ నెలాఖరున పంచాయతీ బోర్డు మీదో వాడ కూడలిలోనో అంటించండి. ఇంటివాళ్లు కూడా తమ వంతు ఏదో ఒకటి ఇవ్వాలి: ఒక రోజు శ్రమ, పాత ఇటుకలు, పనివాళ్లకు చాయ్. అలా ఇస్తేనే ఏ పని ఎలా జరగాలో చెప్పే చనువు వాళ్లకు వస్తుంది.

మేస్త్రీకి, వడ్రంగికి కూలి ఇవ్వండి. సేవ పేరుతో రోజుకూలీ మనిషి దినం కూలి ఎగ్గొట్టకూడదు. ఉద్యోగాలున్నవాళ్లు ఊరికే పని చేయవచ్చు, రెక్కాడితే డొక్కాడేవాళ్లను అలా అడగకండి.

గంగదేవిపల్లి పేరు ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. అక్కడ నీళ్లకొక కమిటీ, పారిశుద్ధ్యానికొక కమిటీ అన్నట్టు ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకుని, ఏళ్ల తరబడి కూర్చుని నిర్ణయాలు తీసుకున్నారు. మీ వాడకు అన్ని కమిటీలు అక్కరలేదు. మూడు బాధ్యతలకు మూడు పేర్లు చాలు: వానలకు ముందు కప్పుల గొట్టాలు చూసేవాళ్లు, నెలకోసారి ఇంకుడు గుంతల తొట్లు చూసేవాళ్లు, కరెంటు ఫిర్యాదుల వెంట పడేవాళ్లు. ఆ పేర్లను ఏడాదికోసారి, ఉగాది నాడు మార్చండి. ఒకే మనిషి నెత్తిన పడితే అతను అలిసిపోతాడు, పనీ ఆగిపోతుంది.

పనిముట్లు ఒకచోట ఉండాలి. నిచ్చెన, పారలు, తట్టలు, గడ్డపార, తాపీలు, రసమట్టం, తూకం గుండు, హెల్మెట్లు, చేతి తొడుగులు, మందుల డబ్బా. మహిళా సంఘం భవనంలో ఒక గది అడిగి, అక్కడ ఒక పుస్తకం పెట్టండి. వాడలో ఎవరికైనా సొంత పనికి నిచ్చెన కావాలంటే పేరు రాసి తీసుకెళ్లవచ్చు, రెండు రోజుల్లో తెచ్చి పెట్టాలి. తాళంచెవి ఆ గదికి పక్కింట్లో ఉండాలి, ఎప్పుడూ ఇంట్లో మనిషి ఉండే ఇల్లయితే ఇంకా మంచిది.